బావమరిది జబ్బు

మార్చి 4

డాక్టరుకి అబద్ధం చెప్పాను. ఏం పని చేస్తావని అడిగితే బస్సు డిపోలో గుమాస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి అదే వచ్చింది. ఆయన ఫిల్మును లైటుకి ఎదురుగా పెట్టి నా మెదడులో తెల్లటి మచ్చలు చూపించాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఎమ్మెస్ అంటే చాలట. నరాల మీద తొడుగులా ఒక పొర ఉంటుందట. ఒంటిని కాపాడాల్సిన బలగమే దాన్ని కొరికేస్తుందట. కంచే చేను మెయ్యడం అంటే ఇదే కాబోలు. జనవరిలో ఎడమ కంటికి మసక కమ్మి మూడు వారాలకి తగ్గింది ఇందుకేనట. కుడి పాదం దూది మీద మోపినట్టు ఉండటమూ ఇందుకేనట.

"ప్రాణం తీసే జబ్బని భయపడకు. అలాగని వదిలిపోయేదీ కాదు. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. ఒళ్ళు వేడెక్కితే కాలు మొరాయిస్తుంది. దాని సంగతి తేలేదాకా బండి నడపకు. నయం, నీది కూర్చుని చేసే పని," అన్నాడు.

డ్రైవరుదీ కూర్చుని చేసే పనే.

మార్చి 5

డ్యూటీకి వెళ్ళాను. ఏమీ కాలేదు.

మార్చి 6

ఏమీ కాలేదు.

మార్చి 10

ఇంట్లో చెప్పలేదు. అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. అయ్యాక చెబుతాను.

మా ఆవిడ పెళ్ళికి ముందు మంచాన పడ్డ తండ్రికి ఆరేళ్ళు చాకిరీ చేసింది. పగలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో మిషను తొక్కి, ఇంటికొచ్చి ఆయనకి అన్నం తినిపించి, పక్క మార్చి. "ఈ జన్మకి నా వంతు సేవ అయిపోయింది, మీరు మాత్రం గట్టిగా ఉండాలి," అంటుంటుంది. నవ్వుతూనే అంటుంది.

పదిహేడేళ్ళలో నా బండి మీద ఒక్క గీత పడలేదు. డిపో గోడ మీద నా ఫోటో ఉంది. ఇవాళ దాని కింద నుంచే వెళ్ళి సంతకం పెట్టాను. తల ఎత్తలేదు.

మార్చి 16, ఆదివారం

డాక్టరు రాసిచ్చిన చిరునామాకి వెళ్ళాను. లైబ్రరీ కింద హాలు. ఎమ్మెస్ ఉన్నవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ ఆదివారాలు అక్కడ కలుస్తారు. ఎవరికీ జీతాల్లేవు, ఎవరికి చేతనైన పని వాళ్ళు చేస్తారు. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ నడుపుతోంది. రిటైరైన నర్సు. గుమ్మంలోనే నా చేతిలో గ్లాసుడు నీళ్ళు పెట్టి, "ఎవరి కోసం వచ్చావు నాయనా?" అంది.

ఆ ప్రశ్నే నన్ను చెడగొట్టింది. నీకేమిటి అని అడిగి ఉంటే చెప్పేవాణ్ణే.

"మా బావమరిది కోసం," అన్నాను.

నా భార్య తమ్ముడికి గ్యాస్ పొయ్యిలు బాగుచేసే షాపుంది. రెండు సిలిండర్లు చెరో భుజాన వేసుకుని మేడెక్కుతాడు. వాడికి జలుబు చేసినట్టు కూడా నాకు గుర్తు లేదు.

తరవాత ఏం పని చేస్తావని అడిగింది. డ్రైవరునన్నాను. హాలంతా ఒక్కసారి నావైపు తిరిగింది. వాళ్ళకో వ్యాను ఉంది, చక్రాల కుర్చీ ఎక్కడానికి వెనక పలక కూడా ఉంది. నడిపేవాడు ఊరు మారిపోయాడట. రెండు నెలలుగా నడవలేనివాళ్ళు ఎవరూ రావడం లేదట.

ఒకచోట జబ్బు నిజం, పని అబద్ధం. ఇంకోచోట పని నిజం, జబ్బు అబద్ధం. ఇంట్లో జబ్బూ లేదు, హాలూ లేదు, ఆదివారం స్పెషల్ డ్యూటీ అని చెప్పాను.

మార్చి 23

వ్యాను బాగానే నడుస్తోంది. క్లచ్చు కాస్త గట్టి.

మొదట మాస్టారిని ఎక్కించాను. లెక్కల మాస్టారు, అరవై దాటాయి, పదకొండేళ్ళుగా కుర్చీలోనే. రెండో మజిలీలో బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఎక్కింది. చేతికర్ర ఉంటుంది, నోటికి తాళం ఉండదు. నవ్వులమ్మాయి అంటారు. "అన్నయ్యా, గుంతలు చూసి నడపండి. మా నరాలకే తొడుగుల్లేవు, మీ వ్యాను సీట్లకీ లేవు," అంది.

పెద్దాసుపత్రి వాళ్ళు ఒక పరిశోధన చేస్తున్నారు. ఈ జబ్బు ఒక్కో మనిషిలో నెలనెలా ఎలా కదులుతుందో రెండొందల మందిని ఏడాదిపాటు కొలవాలి. ఆసుపత్రికి రాలేనివాళ్ళని మన హాలులో మనమే కొలిచి పంపుతాం. నేల మీద సుద్దతో ఇరవై అయిదు అడుగుల గీత. ఎన్ని సెకన్లలో నడిచారో రాయాలి. ఒక చెక్కకి తొమ్మిది బెజ్జాలు, తొమ్మిది పుల్లలు. ఒక్కో పుల్లా పెట్టి మళ్ళీ తియ్యాలి, దానికెంతసేపో రాయాలి. స్టాప్ వాచీ నా చేతికిచ్చారు.

మార్చి 30

బావమరిదికి ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. కుడి పాదం తెలియడం లేదని చెప్పాను. మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టుంటుందని చెప్పాను. మధ్యాహ్నానికి ఒళ్ళు తడిసిన గోనె బస్తా అయిపోతుందని, అలిసిపోయానంటే ఎవరూ నమ్మరని చెప్పాను. పెద్దక్క కదలకుండా విన్నది. నా బాధ నేను చెప్పుకోవడం ఇదే మొదటిసారి. వాడి పేరు మీదే అయినా గుండె తేలికపడింది.

"తడి తువ్వాలు మెడ చుట్టూ కట్టుకోమనండి. ఫ్యాషన్ పోతుంది కానీ కాలు వింటుంది," అంది నవ్వులమ్మాయి.

మార్చి 31

తువ్వాలు పనిచేస్తోంది.

ఏప్రిల్ 6

అందరినీ దింపి వచ్చాక హాలు ఊడ్చాను. సుద్దగీత ఉంది, వాచీ ఉంది. నడిచి చూశాను. ఏడు సెకన్లు దాటింది. నా వయసు వాళ్ళకి అయిదు లోపు రావాలి. కొత్త బూట్లు. విప్పి నడిచాను. ఇంకా ఎక్కువ వచ్చింది. నేల మరీ నున్నగా ఉంది.

ఎక్కడా రాయలేదు. ఇక్కడ తప్ప.

ఏప్రిల్ 13

మాస్టారికి పుల్లల చెక్క పెట్టాను. కుడిచేత్తో ఒక పుల్ల రెండుసార్లు జారింది. నూట పన్నెండు సెకన్లు. పాపం అనిపించి నూరు అని రాశాను. ఆయన కాగితం అడిగి చూశారు.

"ఆ పన్నెండూ ఏమయ్యాయి?"

"పుల్ల జారింది కద మాస్టారూ. అది మీ తప్పు కాదుగా."

"పుల్ల జారడమే కదయ్యా జబ్బు. దాన్నే తీసేస్తే ఇంక కొలిచేదేముంది? నా మీద జాలితో నువ్వో పన్నెండు, ఇంకోరి మీద జాలితో ఇంకొకడో పది. రెండొందల మంది జాలి పోగేసి పంపితే ఆ డాక్టర్లు ఏం కనుక్కుంటారు? మేమందరం బాగానే ఉన్నామని కనుక్కుంటారు."

కొట్టేసి నూట పన్నెండు రాశాను. పక్కన సంతకం పెట్టించారు, బడి పిల్లాడి చేత పెట్టించినట్టు.

ఏప్రిల్ 21

ఎండ మండిపోతోంది. మార్కెట్టు స్టాపులో బండి గీత దాటి ఆగింది. కండక్టరు వచ్చి, "ఏరా, నిద్ర చాల్లేదా?" అన్నాడు. పన్నెండేళ్ళుగా నా బండి మీదే ఉన్నాడు. చాల్లేదన్నాను.

ఏప్రిల్ 24

అమ్మాయి పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు వచ్చాక చెబుతాను.

మే 4, ఆదివారం

జరిగింది వరసగా రాస్తాను.

పదకొండున్నరకి హాలు మూసి బయల్దేరాం. వ్యానులో మాస్టారు, నవ్వులమ్మాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. లోపల పొయ్యిలా ఉంది. తువ్వాలు ఎప్పుడో ఆరిపోయింది. మందుల షాపు దగ్గర మలుపులో ముందు ఒక సైకిలు ఆగింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి బ్రేకు మీద వేశాను. వేశాననుకున్నాను. కిందకి చూస్తే పాదం రెంటి మధ్యా ఉంది, దేని మీదా లేదు. స్టీరింగు తిప్పేశాను. సైకిలతను తప్పుకున్నాడు. వ్యాను పేవుమెంటు ఎక్కి, షట్టరు దించి ఉన్న షాపు గోడకి కొట్టుకుని ఆగింది.

చక్రాల కుర్చీని బిగించిన కొక్కేలు ఊడలేదు. కానీ మాస్టారి తల ముందుకొచ్చి కిటికీ కడ్డీకి తగిలింది. నుదురు చీరుకుపోయింది. నవ్వులమ్మాయి కర్ర రెండు ముక్కలైంది. ఆ పిల్ల నోట మాట లేదు. అది చూడటం నాకు రక్తం చూడటం కంటే కష్టమైంది.

మందుల షాపతను కట్టు కట్టాడు. మిగతావాళ్ళని నీడకి పంపి మాస్టారు నన్నొక్కణ్ణే ఉండమన్నారు.

"కాలు ఎప్పట్నించి?"

"బ్రేకు పట్టలేదు మాస్టారూ."

"బ్రేకు సంగతి కాదు, కాలు సంగతి అడుగుతున్నాను. కదిపే ముందు దాన్ని కళ్ళతో వెతుక్కుంటావు నువ్వు. నేనూ రెండేళ్ళు నా చేతిని చూసుకుంటూ బోర్డు మీద రాశాను. అలాంటివాళ్ళని ఎక్కడున్నా పట్టేస్తాను."

"తెలిసీ నా బండి ఎందుకెక్కారు?"

కట్టు మీద చెయ్యి పెట్టుకోబోయారు, చెయ్యి అంత దాకా లేవలేదు.

"నువ్వే చెబుతావని చూశాను. చూస్తూ చూస్తూ నెల గడిపాను. ఈ దెబ్బలో సగం నాదే. నేనెవరికీ చెప్పను. కానీ రేపు సోమవారం, నీ బస్సులో ఎంతమంది ఎక్కుతారో నువ్వే ఆలోచించుకో."

అదే రోజు, సాయంత్రం

నేను స్నానం చేస్తుండగా పెద్దక్క ఇంటికి ఫోను చేసింది. నాకు దెబ్బలేమైనా తగిలాయా అని కనుక్కోవడానికి. మా ఆవిడే ఎత్తింది.

నేను వచ్చేసరికి బట్టలు మడత పెడుతోంది. మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

"మా తమ్ముడికి ఏదో నరాల జబ్బట కదా," అంది. "వాడికి తెలుసా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తరవాత అంతా చెప్పాను. డాక్టరు, మచ్చలు, గుమాస్తా, మందుల షాపు మలుపు. ఆరేళ్ళ చాకిరీ మళ్ళీ నీ నెత్తిన పడుతుందని దాచానన్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"పొద్దున పనికి నేనూ మీ బస్సులోనే కదండీ వెళ్తున్నాను," అంది.

"నీకు తెలిస్తే ఎక్కవని కాదు..."

"నాకు తెలిసినా ఎక్కేదాన్నేమో. మొగుడు కాబట్టి. మిగతా అరవై మందినీ అడిగారా?"

చేతిలో తువ్వాలు మంచం మీద పడేశాను.

"రేపు ఎప్పటిలాగే మూడో స్టాపులో ఉంటాను. బస్సు వచ్చేసరికి స్టీరింగు దగ్గర మీరుంటే ఎక్కుతాను. ఒక్క మాట కూడా అనను," అని చొక్కా బీరువాలో పెట్టేసింది.

మే 5

డిపోకి వెళ్ళాను. సంతకం పెట్టాను. బండెక్కి అద్దం సర్దుకున్నాను. ఇంజను వేశాను. కండక్టరు విజిలు వేశాడు. ఇంకోసారి వేశాడు.

ఒక్క ట్రిప్పు, చివరి ట్రిప్పు, చాలా నెమ్మదిగా నడుపుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. గేరు మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడు మూడో స్టాపు కళ్ళ ముందు మెదిలింది. అక్కడ ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుని నిలబడి ఉంటుంది. మాట అన్నదంటే అన్నదే. ఎక్కుతుంది.

ఇంజను ఆపేశాను.

"ఏమైందిరా?" అన్నాడు కండక్టరు కిటికీ దగ్గరికొచ్చి.

"నాకు కాలు బాగాలేదు. బాగుపడేది కూడా కాదు. ఇంకోణ్ణి పిలు."

వాడు నా మొహం చూశాడు. నా టిఫిను డబ్బా తనే తీసి దింపాడు. డ్యూటీ గుమాస్తాకి తాళం ఇచ్చి కాగితం రాశాను. స్పేరు డ్రైవరు, చిన్న వయసువాడు, సీటు ముందుకి జరుపుకున్నాడు. నేను మామూలు మనిషిలా టిక్కెట్టు తీసుకుని కూర్చున్నాను. పదిహేడేళ్ళలో ఆ బండి కిటికీలోంచి పక్కకి చూడటం ఇదే మొదలు.

మూడో స్టాపులో ఆవిడ ముందు స్టీరింగు వైపు చూసింది. తరవాత లోపల నన్ను చూసింది. ఎక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. కార్ఖానా వచ్చింది. దిగేముందు నా చొక్కా కాలరు సరిచేసింది.

మే 11

హాలులో చెప్పాను. ఎమ్మెస్ నాకేనని, మా బావమరిది నిక్షేపంలా ఉన్నాడని.

నవ్వులమ్మాయి, కొత్త కర్రతో, "నేను ఆయన కోసం రోజూ దణ్ణం పెట్టుకుంటున్నానన్నయ్యా. అదంతా వృథాయేనా, మీ ఖాతాలోకి మార్చొచ్చా?" అంది. కొందరు నవ్వారు.

పెద్దక్క నవ్వలేదు. వ్యాను తాళాలు నా చేతిలోంచి తీసుకుంది. "జబ్బు దాచుకునేవాళ్ళని చాలామందిని చూశాను. దాని మీద నాకు కోపం లేదు. వీళ్ళని వీళ్ళ ఇళ్ళల్లో అడిగి, నాదీ పూచీ అని చెప్పి బండెక్కించాను. ఇప్పుడింటికి వెళ్ళు," అంది.

వచ్చేశాను.

మే 18

వెళ్ళలేదు.

మే 25

లైబ్రరీ మెట్ల దాకా వెళ్ళాను.

జూన్ 8

బావమరిది వచ్చాడు. అక్క చెప్పిందట.

"ఏంటి బావా, నాకు జబ్బట? ఎప్పట్నించి? మందులవీ సరిగ్గా వేసుకుంటున్నానా?" అన్నాడు. నా తల కిందకి దిగిపోయింది. వాడు పక్కన కూర్చుని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. సిలిండర్లు మోసే చెయ్యి. వెన్నులో కరెంటు మెడ నుంచి మడమ దాకా పాకింది.

"ఊళ్ళో అంతమంది ఉండగా నా పేరే ఎందుకు పెట్టావు?"

"నీకు రాదని ధైర్యం."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి వెళ్ళిపోయింది.

జూన్ 15

వ్యానుకి బాగుచేత అయిపోయింది. ఆదివారాలు బావమరిది నడుపుతున్నాడు. నేను అడగలేదు, వాడే వెళ్ళి పెద్దక్కకి చెప్పాడట, జబ్బుమనిషిని నేనేనని. సాయంత్రం వచ్చి అందరి కబుర్లూ చెప్పాడు. పెద్దక్క నా గురించేమైనా అడిగిందా అన్నాను. లేదన్నాడు.

జూలై 2

మెడికల్ బోర్డు తేల్చింది. డిపో కంట్రోల్ గదిలో కుర్చీ ఇచ్చారు. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసుకోవాలి. డాక్టరుకి చెప్పిన అబద్ధం నిజమైంది.

గోడ మీద ఫోటో అలాగే ఉంది. తియ్యమని అడిగాను. గీత పడింది వ్యాను మీద, మా బండి మీద కాదుగా అన్నాడు మేనేజరు.

ఇంజెక్షను మొదట్లో మా ఆవిడే చేసింది. ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. "నా వంతు అయిపోయిందన్నానుగా, మీది మీరే చేసుకోండి," అంది. పక్కనే నిలబడి దూది పట్టుకుంది.

జూలై 20

పెద్దక్క ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ మీద కోపం పోలేదు," అంది. "కానీ వ్యాను కూడా ఎక్కలేని స్థితిలో తొమ్మండుగురు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి కొలవాలి. ఊళ్ళో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వెళ్తావా?"

"వెళ్తాను."

"ముందు నువ్వు నడు."

సంచిలోంచి టేపు తీసింది. మా ముందుగది చాలలేదు. వరండాలోకి కలిపి ఇరవై అయిదు అడుగులు గీసింది. మా ఆవిడా, అమ్మాయీ గోడవారగా నిలబడ్డారు. నడిచాను. ఎనిమిది పాయింటు ఒకటి. మొదటి లక్షణం ఎప్పుడని అడిగింది. జనవరి అనబోయాను. కిందటేడు వానల్లో మెట్ల మీద రెండుసార్లు కాలు మడతపడింది, చెప్పుల మీద నెపం పెట్టాను. అదే చెప్పాను. రాసుకుంది.

గుమ్మం దాటుతూ, "బావమరిది మంచి డ్రైవరు. నీ అంత కాదు," అంది.

ఆగస్టు 17

రెండు బస్సులు మారి ఒక ఇల్లు. జబ్బున్న ఆ ఇంటావిడ పుల్లలు పెడుతుంటే భర్త పక్క గదిలోకి వెళ్ళిపోయాడు, చూడలేక. కొలిచిన తరవాత ఆయనతో పావుగంట కూర్చున్నాను. మాట్లాడటం మన కొలతల లిస్టులో లేదు. లిస్టు కింద ఒక గీత గీసి అదీ రాసుకున్నాను.

సెప్టెంబరు 9

కుడి చెయ్యి తిమ్మిరి. రెండు రోజులు. పెద్దక్కకి చెప్పాను. మా ఆవిడకీ చెప్పాను. అదే రోజు.

అక్టోబరు 5, ఆదివారం

మాస్టారు గత నెల జ్వరం తరవాత హాలుకి రావడం మానేశారు. తొమ్మండుగురు పదిమంది అయ్యారు. పుల్లల చెక్క సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. నుదుటి మీద మచ్చ అలాగే ఉంది. నేను అటు చూడటం చూసి, "అక్కడ జబ్బేం లేదు, కిందకి చూడు," అన్నారు.

మంచానికి అడ్డంగా బల్ల వేసి చెక్క పెట్టాను. వాచీ నొక్కాను. కుడిచేత్తో మొదటి పుల్లకి నిమిషం పట్టింది. రెండోది బెజ్జం అంచు మీద ఆడి ఆడి లోపలికి పోయింది. మూడోది వేళ్ళకి అందలేదు. దాన్ని బల్ల అంచుదాకా తోస్తూనే ఉన్నారు. వాళ్ళావిడ కిటికీ తెర సర్దుతూ మావైపు చూడకుండా నిలబడింది. అయిదు నిమిషాలు దాటితే ఆపెయ్యాలి, అది నియమం. ఆపాను.

కలం పట్టుకుని కూర్చున్నాను.

"రాయి," అన్నారు.

"రెండు పుల్లలు. పూర్తి కాలేదు." పైకి చదివి రాశాను.

మాస్టారు కాగితం చూపించమని సైగ చేశారు. చదువుకున్నారు. చాలాసేపు. తరవాత అక్షరాలు బాగున్నాయన్నట్టు తల ఆడించారు.

"ఎడమ చెయ్యి మిగిలుంది," అన్నారు. "కానియ్యి."

వాచీ సున్నాకి తెచ్చాను. చెక్కని ఎడమవైపుకి తిప్పాను. వాళ్ళావిడ తెర వదిలేసి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగో దాని దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నారు. అయిదు. మేం ముగ్గురం లెక్కపెడుతున్నాం, పైకి కాదు. తొమ్మిదోది పెట్టి, తొమ్మిదీ తీసి, చెయ్యి బల్ల మీద పరిచేశారు.

నూట అరవై ఒకటి. అంతే రాశాను.